ఎండు దుక్కిలో మొలక వడ్లు

"చెప్పులు బయట విడువక్కా. ఇది స్టూడియో, నీ పాత ఠాణా కాదు."

అన్నవాడు మధు. అన్నవాడి కాళ్ళకు మాత్రం నల్ల బూట్లు నిగనిగలాడుతూనే ఉన్నాయి. వసంత ఆ బూట్లను ఒకసారి చూసి, చెప్పులతోనే లోపలికి నడిచింది.

ఇద్దరూ ఒకప్పుడు ఒకే ఠాణాలో ఎస్సైలు. మధ్యాహ్నం ఎవరు క్యారేజీ మూత తీస్తే వాళ్ళ పక్కన వచ్చి కూర్చునేవాడు మధు. తను ఒక్కనాడు క్యారేజీ తెచ్చుకున్న పాపాన పోలేదు. ఆమె ఉద్యోగం మానేసి మియాపూర్‌లో ఒక టిఫిన్ సెంటర్ మీది గదిలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుంది. అతను మానేసి 'చెవినిండా' అనే యాప్ కంపెనీలో దర్యాప్తు విభాగానికి పెద్దయ్యాడు. ఫోన్లో కబుర్లు వినిపించే కంపెనీకి దర్యాప్తు విభాగం ఎందుకో ఆ కంపెనీ వాళ్ళకే తెలియాలి. ఉంది మరి. మెడలో బిళ్ళ, చేతికి అద్దం లాంటి గడియారం, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ తల మీదుగా చూసే చూపు, అన్నీ కొత్తగా అమిరాయి మధుకు.

కనిపించకుండా పోయింది తేజస్విని. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఆ యాప్‌లో వారం వారం 'పదం పుట్టిల్లు' అనే పాడ్‌కాస్ట్ చేస్తుంది. అంటే నెట్‌లోంచి ఫోన్‌లోకి దింపుకుని తీరిగ్గా వినే కార్యక్రమం. ఒక ఇంగ్లీషు మాటను పట్టుకుని, దాని అమ్మానాన్నలెవరో, ఏ ఇంట్లో పుట్టి ఏ ఇంటికి చేరిందో తెలుగులో చెబుతుంది. వంట చేసుకుంటూ వినేవాళ్ళు, మెట్రోలో నిలబడి వినేవాళ్ళు వేలకు వేలు.

శుక్రవారం పొద్దున ఇంట్లోంచి బయల్దేరింది, తిరిగి రాలేదు. తల్లి లచ్చమ్మ రాయదుర్గంలో ఒక ఆఫీసు భవనంలో హౌస్‌కీపింగ్ చేస్తుంది. రాత్రంతా చూసి, మర్నాడు పోలీసులకు చెప్పుకుంది. ఆదివారం తెల్లవారేసరికి యాప్‌లో కొత్త భాగం వచ్చింది. గొంతు తేజస్వినిదే. చివర్న "కొన్నాళ్ళు ఊళ్ళు తిరిగొస్తాను, నా కోసం వెతక్కండి" అన్న మాట కూడా ఉంది. ఇంకేం కావాలి? ఈ సాయంత్రం మధు తన రిపోర్టు పోలీసులకు అందించగానే, పిల్ల తన ఇష్టంతోనే వెళ్ళిందని కేసు మూసేస్తారు. మూసేస్తే ఆ పిల్లను వెతికే చెయ్యి ఇంకొకటి లేదు. అందుకే లచ్చమ్మ వసంత గది మెట్లెక్కింది.

"అక్కా, నేను గూడ లోపల్కి రావాల్నా?" లచ్చమ్మ గుమ్మం దగ్గర చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడింది.

"నువ్వు ఈ సోఫాల కూసో. ఎవలన్న గద్దిస్తే లేవకు. నీ బిడ్డ గొంతు మీద బతికే ఆఫీసు ఇది."

"ఫోన్ ఆ ట్రేల పెట్టు" అన్నాడు మధు. "లోపల మైకుల్ల గుయ్‌మని చప్పుడొస్తది."

వసంత తన ఫోన్ ట్రేలో పెట్టింది. రెండో చేతిలో ఉన్న పగిలిన గాజు ఫోన్ మాత్రం పెట్టలేదు. "ఇది లచ్చమ్మది. నెట్ బంద్ చేసిన, సిగ్నల్ బంద్ చేసిన. ఇది గుయ్యనది."

"ఎందుకు మరి మోసుడు?"

"బరువు లేదు తియ్యి."

*

స్టూడియో ఒక్కటే గది. మధ్యలో బల్ల, దాని మీద రెండు మైకులు, ఓ మూల కంప్యూటర్. ఒక వైపు గోడకు రెండు పొరల గాజు కిటికీ, అందులోంచి బయట సోఫాలో కూర్చున్న లచ్చమ్మ కనిపిస్తోంది. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు లేచి నిలబడ్డాడు. పేరు దినేష్, కూకట్‌పల్లి కుర్రాడు, తేజస్విని చెప్పినదాన్ని రికార్డు చేసి, కత్తిరించి, యాప్‌లోకి ఎక్కించేవాడు. ఏసీ చలికి వసంత కొంగు భుజం మీదికి లాక్కుంటే, అతని పై పెదవి మీద చెమట.

"ఈ భాగం ఎప్పుడు రికార్డ్ చేసిండ్రు?"

"శనివారం సాయంత్రం అండి. ఆరు దాటాక."

"ఎక్కడ?"

"ఇక్కడేనండి. ఈ కుర్చీలోనే."

"దేంట్ల వచ్చింది?"

"క్యాబ్‌లో అనుకుంటానండి."

"అనుకోకు నాయనా. చూసిందే చెప్పు."

"చూళ్ళేదండి. తలుపు తీసేసరికి ఉందండి."

"శుక్రవారం పొద్దున ఇల్లు విడిచిన పిల్ల. శనివారం సాయంత్రం దాక యాడున్నవ్ అని అడగలేదా?"

"పర్సనల్ కదండీ."

"అవునవును, మర్యాదస్తునివి. ఏం బట్టలు వేసుకున్నది?"

దినేష్ కళ్ళు మధు వైపు తిరిగాయి.

"ఆయన మొహంల ఏమున్నది? ఆయన ఆనాడు ఇక్కడ లేడు గద."

"నీలం కుర్తా అండి. తెల్ల చున్నీ."

"శుక్రవారం ఇంట్లకెళ్ళి పోయినప్పుడు వేసుకున్నవి అవే." వసంత మధు వైపు తిరిగింది. "రెండు దినాలు కట్టుబట్టలు మార్చుకోని పిల్ల. నీ రిపోర్ట్‌ల ఏమని రాసినవ్ మధూ? సంతోషంగ యాత్రకు పోయిందనా? ఏం మూట కట్టుకొని పోయింది, సబ్బుబిళ్ళ గూడ లేకుంట?"

"ఈ కాలం పిల్లలు అక్కా. షాపుల కొనుక్కుంటరు. నువ్వు ఇంక ట్రంకు పెట్టెల కాలంలనే ఉన్నవ్." మధు నవ్వాడు. "గొంతు పరీక్ష చేయించిన. ఆమె గొంతే. మెషీన్ చేసిన దొంగ గొంతు కాదు. ఇగో, నువ్వే విను. విని, ఆమెకు నాలుగు మంచి మాటలు చెప్పి ఇంటికి తోల్కపో."

తన లాప్‌టాప్‌ను పెద్ద స్పీకర్‌కు తగిలించి, యాప్‌లో ఉన్న భాగాన్ని మోగించాడు.

తేజస్విని గొంతు గదంతా పరుచుకుంది. మెత్తటి గొంతు, కానీ ప్రతి మాటకూ మధ్య కాస్త ఎక్కువ ఆగుతోంది.

"ఇవాళ మన మాట పాడ్‌కాస్ట్. ఇన్నాళ్ళూ మనం నివసిస్తున్న ఇంటి పేరే అది. దీనికి ముందు సగం ఐపాడ్ నుంచి వచ్చింది, జేబులో పట్టే పాటల పెట్టె. వెనక సగం బ్రాడ్‌కాస్ట్ నుంచి. రెండువేల నాలుగులో ఒక పత్రికా రచయిత, ఈ కొత్త పనిని ఏమని పిలవాలా అని మూడు పేర్లు వరసగా రాసి, మూడింటికీ పక్కన ప్రశ్న గుర్తు పెట్టాడు. అందులో ఒకటి బతికింది. అదే ఇది. అయితే బ్రాడ్‌కాస్ట్ రేడియో వాళ్ళు పుట్టించిన మాట అనుకుంటాం. కాదు. రేడియోకు నూటయాభై ఏళ్ళ ముందే అది ఇంగ్లండులో రైతుల నోట్లో ఉంది. గుప్పిట నిండా విత్తనాలు తీసి, చేతిని వెడల్పుగా విసిరి చల్లడమే బ్రాడ్‌కాస్ట్. ఇదిగో, ఇలా. వినండి."

ఝల్లున గింజలు పడ్డ చప్పుడు. కాసేపు ఖంగుమని మోగుతూ సాగింది. ఆ తర్వాత రేడియో కథ, వీడ్కోలు, ఊళ్ళు తిరగడం గురించిన మాట. అయిపోయింది.

"సంతోషమేనా?" అన్నాడు మధు.

వసంత బొడ్లో దోపుకున్న తాళంచెవుల గుత్తి తీసి, తల ఎత్తు నుంచి నేల మీదికి వదిలింది. మందపాటి తివాచీ. చప్పుడు లేదు. గోడల నిండా నల్లటి స్పాంజి పలకలు. బల్ల మీద ఊలు గుడ్డ. ఆ గుడ్డ మీద కూడా ఓసారి వేసి చూసింది. దబ్బున పడి ఊరుకున్నాయి.

"దినేష్, ఈ కుర్చీల కూసోని చల్లింది అన్నవ్ గద. యాడ చల్లింది?"

"ఇక్కడే... బల్ల మీదండి."

"ఏం గింజలు?"

అతను తత్తరపడుతూ మూలనున్న అర తెరిచి ఒక ప్యాకెట్ తెచ్చి ముందు పెట్టాడు. "ఇవేనండి. విత్తనాలు."

వసంత ప్యాకెట్ తిప్పి చూసింది. కందిపప్పు.

"పొట్టు తీసి, రెండు బద్దలు చేసిన పప్పు. దీన్ని పొలంల అలికితే ఏం మొలుస్తది నాయనా, సాంబారా?"

మధు గట్టిగా నవ్వేశాడు. "పోరడు సిటీల పుట్టిండు, వానికేం తెలుసు. ఆ చప్పుడు నెట్‌లకెళ్ళి తీసి కలిపింది ఉండొచ్చు. అందరు చేసేదే. అక్కా, పప్పు ప్యాకెట్ పట్టుకొని కేసు నడుపుతవా? పోలీసులు నవ్వుతరు."

"నవ్వనీ. ఇంకొకటి వినిపిస్త, అప్పుడు కలిసి నవ్వుదం."

లచ్చమ్మ ఫోన్ బల్ల మీద పెట్టింది. "ఈమెకు నెట్ సంగతులు రావు. కూతురే ఫోన్ల ఏర్పాటు చేసి పెట్టింది, కొత్త భాగం రాంగనే దానంతట అదే దిగేటట్టు. నేల తుడుసుకుంట వింటది. ఆదివారం తెల్లవారంగనే దిగింది. బిడ్డ కనబడక ఏడుస్తున్న మనిషి, వినబుద్ధి గాక ముట్టలేదు. ఇయ్యాల మెట్రోల నేను విన్న. విన్నంక మల్ల నెట్ తగలనియ్యలేదు."

మీట నొక్కింది. అదే గొంతు, అవే మాటలు, మూడు పేర్లు, ప్రశ్న గుర్తులు, రైతులు. ఝల్లున గింజలు. ఆ తర్వాత, మధు వినిపించినదాంట్లో లేని ముక్క ఒకటి.

"మా అమ్మ కూడా ఇలాగే అలికేది. వడ్లు నానబెట్టి, గోనెసంచిలో మూటగట్టి, మొలకలు రానిచ్చేది. ఆ మొలక వడ్లను ఎండు దుక్కిలో, మిట్టమధ్యాహ్నం ఎండలో చల్లి, పైనుంచి గుంటుక తోలేది. అమ్మా, నువ్వు వింటున్నావా? అలాగే కదా?"

వసంత ఆపేసింది.

దినేష్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. మధు మాత్రం గడియారం చూసుకున్నాడు.

"తెలిసిందా నాయనా, ఇందుల ఏం తప్పున్నదో?"

"లేదండి."

"మొలక వడ్లు ఎప్పుడైన బురదలనే అలుకుతరు. నీళ్ళు పెట్టి మెత్తగ చేసిన నారుమడిల. ఎండు మట్టిల వేస్తే పొద్దు గూకెవరకు మాడి చస్తయి. పైకెళ్ళి ఎడ్లతోని మట్టిని గీకే గుంటుక తోలితే, ఉన్న మొలకలు గూడ ఇరిగిపోతయి. పదో తరగతి దాక తల్లి ఎంబడి పొలంల విత్తనాల గంప మోసిన పిల్ల ఇది. నిద్రల లేపి అడిగినా గిట్ల చెప్పది."

"మరి ఎందుకు చెప్పిందండీ?"

"అమ్మా అలాగే కదా అని అడిగింది గద, అందుకు. తల్లి వింటే 'కాదే, పిచ్చిదానా' అంటది. అని, ఏమో అయిందని లేచి నిలబడ్తది. పక్కన కావలున్నోనికి మాత్రం ఇదంత ఒక పల్లెటూరి ముచ్చట. మొలక మాడిపోతున్నదని చెప్పింది పిల్ల. తనను గురించే చెప్పింది."



"శానా బాగున్నది" అన్నాడు మధు, రెండు చేతులూ చప్పట్లలా కలిపి. "నువ్వు నవలలు రాయాలె అక్కా. నోరు జారింది, తర్వాత సరి చేసుకున్నరు. కంపెనీ ఎప్పుడైన ఎపిసోడ్ మార్చుకోవచ్చు."

"ఎప్పుడు మార్చిండ్రు?"

"నాకేమెరుక?"

"దినేష్, ఎప్పుడు మార్చినవ్?"

"ఆదివారం... మధ్యాహ్నం లోపేనండి. ఆ ముక్క తీసేసి మళ్ళీ ఎక్కించమన్నారు."

"ఎందుకు తీసెయ్యమన్నరో చెప్పిండ్రా?"

"తప్పుందన్నారండి."

"ఏం తప్పు?"

దినేష్ మళ్ళీ మధు వైపు చూశాడు.

"కందిపప్పును విత్తనాలనుకునే పోరడు." వసంత అతన్ని వదిలేసి మధు మీదికి తిరిగింది. "వీనికి ఆ తప్పు దొరకది. మీ పెద్ద సార్లు బెంగుళూరుల కూసోని తెలుగే వినరు. పొద్దుగాల ఆ ముక్క విని, అది తప్పని, కావాలని చేసిన తప్పని, తల్లి చెవుల పడకముందే తీసెయ్యాలని, ఇంత లెక్క వేసినోడు ఎవడో నారుమడి గట్టు మీద పెరిగినోడే అయ్యుండాలె."

"నాకేం తెలుసు వ్యవసాయం? నేను పోలీసోన్ని."

"నీ చెల్లె పెండ్లి యాదికున్నదా?"

మధు మొహంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళలోంచి మాత్రం పోయింది.

వసంతకు ఆ పెళ్ళి నిన్నటిలా ఉంది. ఠాణా మొత్తం ఒక జీపులో, ఒక ఆటోలో ఆ ఊరు చేరింది. పందిట్లో కుర్చీలు చాలక ఆడవాళ్ళు అరుగు ఎక్కారు. మధు తండ్రి తలకు తువ్వాలు చుట్టుకుని, పెళ్ళికంటే నారుమడి గురించే ఎక్కువ కంగారుగా తిరుగుతున్నాడు. పెళ్ళికూతురి మేనత్త ఆకుపచ్చ చీరకు అంచు మీద పసుపు మరక కూడా వసంతకు గుర్తుంది.

"అరుగు మీద తడి గోనెసంచి ఉన్నది. నేను మెత్తగున్నది గదా అని దాని మీద కూసున్న. నువ్వు పెండ్లికొడుకు కాళ్ళు కడిగేది ఇడిసిపెట్టి ఉరికొచ్చి, అందరి ముంగట నా మీద లేచినవ్. 'మొలక వడ్లక్కా అవి, ఇరిగిపోతయి, లెవ్' అని. నేను సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్స్‌ల పుట్టిన దాన్ని, నాకేమెరుక అన్న. అన్నం తినేటప్పుడు పక్కన కూసోని చెప్పినవ్, ఎట్ల నానబెడ్తరో, ఎట్ల మూటగడ్తరో, బురదల ఎట్ల అలుకుతరో. నా ఆకుల గారె తీసుకుంట చెప్పినవ్. ఈ ముచ్చట నాకు నేర్పిందే నువ్వు మధూ. లేకుంటె ఇయ్యాల మెట్రోల నేను గూడ వినుకుంట కూసుందు."

మధు మెల్లగా చెయ్యి చాచి బల్ల మీది ఫోన్ తీసుకున్నాడు.

"ఇది కంపెనీ ఫైలు. చెక్ చేసి ఇస్త."

"అది లచ్చమ్మ ఫోన్. అక్కడ పెట్టు."

"ఒక్క ఫోన్ మాట్లాడి వస్త. అప్పటిదాక ఈ పోరనికి కందులు, కందిపప్పు తేడా నేర్పు. నీకు ఎట్లాగు వేరే పని లేదు గద."

వసంత బల్ల చుట్టి వచ్చేలోపు అతను బయట ఉన్నాడు. తలుపు మూసుకుంది. గొళ్ళెం పడ్డ చప్పుడు చిన్నగా, ఖచ్చితంగా వినిపించింది. పిడి తిప్పింది. కదల్లేదు.

"కార్డు ఉండాలండి" అన్నాడు దినేష్.

"నీది తియ్యి."

"పొద్దున్నే తీసేసుకున్నారండి."

అప్పుడే కంప్యూటర్ తెర మీద నెట్ గుర్తు ఆరిపోయింది. దినేష్ దాన్ని చూసి కుర్చీలో కూలబడ్డాడు. ఇప్పటిదాకా వసంతను చూసి భయపడ్డవాడు, ఇప్పుడు తలుపును చూసి భయపడుతున్నాడు.

"నన్ను కూడా లోపలే పెట్టేశారు మేడమ్."

"మరి? నీకు మాల వేసి తోల్కపోతడనుకున్నవా? చెప్పు. ఆ గింజలు యాడ చల్లింది?"

"ఇనప డ్రమ్ము మూత మీదండి. జీడిమెట్లలో మూతపడ్డ మందుల షెడ్డు ఒకటుంది. అక్కడ ఎలకల కోసం వేసిన జొన్నలండి అవి. నేను మైకు పట్టుకెళ్ళానంతే. నేను తనను ఏమీ..."

"నీ సంగతి తర్వాత. పిల్లను ఎందుకు పెట్టుకున్నరు?"

"తన గొంతు కోసమండి." దినేష్ నేల చూపులు చూస్తూ చెప్పాడు. "ఒక మనిషి చాలాసేపు చదివింది రికార్డు చేసి మెషీన్‌కు ఇస్తే, ఇక ఎప్పటికీ ఆ గొంతుతో మెషీనే మాట్లాడుతుందండి. తేజు లేకపోయినా షో నడుస్తుంది. తను ఒప్పుకోలేదు. వచ్చే భాగంలో వినేవాళ్ళందరికీ ఈ సంగతి చెప్పేస్తానంది. శుక్రవారం అన్నదీ మాట. ఆ సాయంత్రమే మధు గారు కార్లో ఎక్కించారు."

"చదివిందా?"

"సగం చదివిందండి. ఆదివారం ఆ ముక్క తీసేశామని తెలిశాక నోరు మూసేసింది. ఒక్క మాట లేదు. తిండి లేదు."

"కొట్టిండ్రా?"

"గొంతు పాడవుతుందని కొట్టలేదండి."

వసంత ఆ కుర్రాడిని చూసిన చూపుకు అతను ఇంకాస్త ముడుచుకుపోయాడు. తల్లి కన్న పిల్లలో గొంతు ఒక్కటే లెక్కకు వచ్చింది వీళ్ళకు. మిగతాదంతా ఆ గొంతుకు అడ్డం.

"మిగిలిన సగం అయిపోతే?"

దినేష్ కళ్ళు మళ్ళీ మూసిన తలుపు మీదికి పోయాయి. చెప్పక్కర్లేకపోయింది.

"ఇవాళ సాయంత్రంలోగా అయిపోవాలన్నారండి. కేసు మూసేసే లోపు. తను మాట్లాడదండీ అంటే, మాట్లాడించే దారి నాకు తెలుసు, ఇవాళ అదే నడిచి మన ఆఫీసుకే వస్తోంది అన్నారు మధు గారు."

వసంత గిరుక్కున గాజు వైపు తిరిగింది.

అవతల మధు సోఫా ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. పెద్ద కొడుకులా లచ్చమ్మ రెండు చేతులూ పట్టుకుని ఏదో చెబుతున్నాడు. లచ్చమ్మ మొహం ముందు తెల్లబోయింది, తర్వాత విప్పారింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, చెయ్యెత్తి అతనికి దండం పెట్టింది. అతను ఆమె సంచి అందుకున్నాడు.

"లచ్చమ్మా! పోకు! లచ్చమ్మా!"

గాజును రెండు చేతులతో బాదింది. అటువైపు నుంచి ఎవరూ తల తిప్పలేదు. ఉల్లిపొరంత చప్పుడు కూడా దాటలేదు. వెళ్ళబోతూ లచ్చమ్మ ఒక్కసారి ఆగి గాజు వైపు చూపించి ఏదో అడిగింది, అక్కకు చెప్పి పోదామనో ఏమో. మధు తల అడ్డంగా ఊపి, నవ్వి, ఆమె భుజం మీద చెయ్యి వేసి లిఫ్ట్ వైపు నడిపించాడు. వెళ్తూ వెళ్తూ ఒక్కసారి వెనక్కి చూశాడు. వసంత వంకే.

"ఆ గాజు పగలదు మేడమ్" అన్నాడు దినేష్ ఏడుపు గొంతుతో. "రెండు పొరలది. సుత్తితో కొట్టినా పగలదట."

వసంత బల్ల మీది మైకు తీసి అవతల పారేసి, దాని ఇనప స్టాండును అడుగు నుంచి ఎత్తి పట్టుకుంది.

"పగలదని నీకు ఎవలు చెప్పిండ్రు?"

"మధు గారేనండి."

"అయితే పగుల్తది."